కరివేపలో వాటా

మల్లె చైత్రంలో విరగబూయాలంటే పని పుష్యంలోనే జరగాలి. చలికాలంలో కొన్నాళ్లు నీళ్లు ఆపి, ఆకు దూసి, ఎండుపుల్లలూ సన్నరెమ్మలూ తీసేసి, మిగిలిన కొమ్మల్ని కురచగా కత్తిరించాలి. పాదు తవ్వి, బాగా చివికిన పశువుల ఎరువు వేసి, అప్పుడు మళ్లీ నీళ్లు మొదలుపెట్టాలి. మల్లెమొగ్గ తొడిగేది కొత్త చిగురు మీదే కాబట్టి ఇంత తంతు. ఇదంతా వేళకు అయిందంటే ఉగాది నాటికి పెరట్లో కత్తెరతో పనుండదు. సాయంత్రం పూట, విచ్చుకోకముందే మొగ్గలు కోసుకోవడమే మిగులుతుంది.

చిక్కేమిటంటే, చాలామందికి తోట మీదికి మనసు పోయేది సరిగ్గా ఉగాదికే. పండక్కి ఇల్లు దులిపిన చేత్తోనే పెరడూ దులిపేస్తారు. అడ్డంగా పెరిగిందని నందివర్ధనం కొమ్మ నరుకుతారు, ఆకులు చిల్లులు పడ్డాయని మందు కొడతారు. పెరట్లో కాపురాలు మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే.

దర్జీ పిట్ట సంగతే చూడండి. గుప్పెట్లో పట్టేంత పిట్ట. వెడల్పాటి ఆకు చూసుకుని, దాని అంచుల వెంట ముక్కుతో చిల్లులు పొడిచి, సాలెపోగో దూదిపోగో దూర్చి, సంచిలా కుట్టేస్తుంది. లోపల మెత్తగా దూది పరిచి గుడ్లు పెడుతుంది. ఆకును చెట్టు నుంచి తెంపదు కనుక గూడు పచ్చగానే ఉండి, పక్కనే నిలబడినా మన కంటబడదు. ఆ కొమ్మ కోశామా, ఆకుతోపాటు గూడూ వాడిపోయినట్టే. గుడ్లు పిల్లలవడానికి పన్నెండు రోజులు, పిల్లలు ఎగిరిపోవడానికి మరో రెండు వారాలు. అంటే ఒక్క నెల ఆ కొమ్మ జోలికి పోకపోతే చాలు. అడ్డంగా ఉందనుకుంటే మనమే తల వంచుకుని వెళ్లొచ్చు.

తేనెపిట్టకు ఈపాటి మొహమాటం కూడా లేదు. వరండాలో వేలాడే తీగకో, బట్టలారేసే దండేనికో గడ్డీ ఎండుటాకుముక్కలూ సాలెగూడుతో అతికించి సంచీ కట్టేస్తుంది. మందారంలో తేనె తాగుతుంది గదా అని పిల్లల్నీ తేనెతోనే పెంచుతుందనుకుంటాం. కాదు, పిల్లలకు పెట్టేది పురుగుల్నీ సాలీళ్లనీ. మనం మందు కొట్టి చంపేది వాటి బువ్వనే.

అందుకే కరివేప దగ్గర నాదొక పద్ధతి. పెరట్లో రెండు చెట్లున్నాయి. ఒకటి వంటింటికి, రెండోది గొంగళిపురుగులకి. చైత్రంలో కరివేప లేత చిగురు వేయగానే నల్లటి సీతాకోకచిలుక వచ్చి ముందుకాళ్లతో ఆకును తట్టి చూస్తుంది. ఆ కాళ్లతోనే రుచి పోల్చుకుని, ఆకుకో గుడ్డు చొప్పున పెట్టిపోతుంది. పిల్లపురుగు మొదట్లో అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. పిట్టలు తినకుండా అదో వేషం. కాస్త ఎదిగాక ఆకుపచ్చ రంగుకు మారుతుంది. వేలితో తాకితే తల వెనకనుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి తోసి ఘాటైన వాసన కొడుతుంది. కుట్టదు, దురద పుట్టించదు. మనవలకి చూపించదగ్గ తమాషా.

పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చూసి ఊరుకోలేకపోయారు.

“ఏమ్మా, ఆ చెట్టు బోడిగుండైపోతోంది. కాస్త వేపనూనె కొట్టరాదూ? మందేం కాదుగా అది.”

“పురుగులకి అదీ మందే పిన్నిగారూ.”

“మరి తాలింపులోకి?”

“ఇటు చెట్టుంది కదండీ. మీక్కూడా నాలుగు రెమ్మలు కోసిస్తాను ఉండండి.”

వేపనూనె మనింటి సరుకు కాబట్టి మెతకదనుకుంటాం. దాంట్లోని చేదు పురుగును కుబుసం విడవనివ్వదు, తిండి తిననివ్వదు. పిండినల్లి పట్టిన మందారానికి నేనూ కొడతాను, ఆ కొమ్మ వరకే. గొంగళ్లకి అంత అవసరం లేదు. భూమిలో పాతుకున్న కరివేప పోయిన ఆకును కొన్నాళ్లకే తిరిగి తెచ్చుకుంటుంది. కుండీలో చిన్న మొక్కైతే మాత్రం పూర్తిగా బోడి కాకముందే పురుగుల్ని ఆకుతో సహా తీసి నిమ్మచెట్టు మీద పెడితే సరి. వాటికి అదీ ఇష్టమే.

అన్నట్టు, కరివేప శాస్త్రీయ నామంలో ఉన్నది కోనిగ్ అనే వైద్యుడి పేరు. లిన్నేయస్ శిష్యుడు, దక్షిణాది మొక్కల వెంట తిరిగి తిరిగి 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. రోజూ తాలింపులో ఆయన పేరు చిటపటలాడుతున్నట్టు మనకి తెలియదు.

కొత్తిమీర ఎండలు ముదరగానే ఆకు మానేసి పువ్వుకి లేస్తుంది. పనికిరాదని పీకెయ్యకండి. ఆ తెల్లటి పూలకి తేనెటీగల్లాంటి చారల ఈగలు కొన్ని వస్తాయి. వాటి పిల్లపురుగులు పేనుబంకను తిని బతుకుతాయి. తులసి వెన్నులు తుంచితే ఆకు బాగా వస్తుందన్నది నిజమే గానీ, నాలుగు వెన్నులు తేనెటీగలకి వదిలేస్తాను. వేపపువ్వుకైతే చెట్టెక్కక్కర్లేదు, రాత్రి చెట్టుకింద పాతచీర పరిస్తే పచ్చడికీ చారుకీ సరిపడా పొద్దుటికల్లా రాలి ఉంటుంది.

ఈ నెలల్లో ఈకలొచ్చిన పిట్టపిల్ల నేలమీద గెంతుతూ కనిపిస్తే ఇంట్లోకి తెచ్చి అన్నం మెతుకులు పెట్టకండి. అది తప్పిపోలేదు, ఎగరడం నేర్చుకుంటోంది. తల్లి దగ్గర్లోనే ఉండి మేత తెస్తుంది. కుక్కా పిల్లీ ఉంటే ఎత్తి పక్క పొదలో పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రాదన్న మాట నిజం కాదు. పిల్లకాయలు గూళ్లలో చేతులు పెట్టకుండా ఆపడానికి మాత్రం భలే పనికొస్తుంది కనుక, మా మనవల దగ్గర నేను దాన్ని ఖండించలేదు.

ఉడుతల దగ్గరికొచ్చేసరికి నా ధర్మబుద్ధి కొంచెం సడలుతుంది. అటక మీద కొబ్బరిపీచుతో పొదిగి పెట్టుకున్న పిల్లలు ముద్దుగానే ఉంటాయి. సపోటాలు మాత్రం ఒక్కటీ మిగల్చవు. చెట్టు మీద వల పరిస్తే కొత్తగా ఎగిరే పిట్టలూ తొండలూ చిక్కుకుంటాయి. అందుకని పాత లుంగీ గుడ్డతో సంచులు కుట్టి, చేతికందే కాయలకి కడుతున్నాను. అందని కాయల లెక్క మేం చూసుకోం.