ఫ్రాక్టూర్ లిపి: శీర్షికాప్రయోగ విమర్శనము

గ్రంథములయందు మృతమై నామఫలకములయందు మాత్రము జీవించుచున్న లిపి యొకటి జర్మనీదేశమునఁ గలదు. భగ్నమను నర్థమిచ్చు లాటినుపదమునుండి పుట్టిన ఫ్రాక్టూర్ అనునది దాని పేరు. గూటెన్‌బర్గు 1455 ప్రాంతమున ముద్రించిన బైబిలునందలి టెక్స్టూరా లిపి దీనికి జ్యేష్ఠము. మాక్సిమిలియన్ చక్రవర్తి ప్రార్థనాగ్రంథము 1513లో ఆగ్స్‌బర్గున నచ్చుపడునప్పటికి ఫ్రాక్టూరురూపము స్థిరపడఁజొచ్చెను. 1941 జనవరి 3వ తేదీని నాజీప్రభుత్వ మొక యాజ్ఞాపత్రముచే దీనిని యూదుల యక్షరములని నిందించి త్యజించెను. ఆ నిందకుఁ జారిత్రకాధార మేమియు లేదు. అయినను నేఁటి జనులు పెక్కండ్రు దీనిని నాజీల లిపియనియే తలఁతురు. నిషేధించినవారి పేరే నిషిద్ధమునకు ముద్రయగుట వింత!

నేఁడు భోజనశాలల పలకలపైనను, మద్యపుసీసాల చీటులపైనను ఈ లిపిని వాడువారు నామఫలకము చూచుటకే కాని చదువుటకుఁ గాదనియు, నందు లిపినియమముల నడుగఁ బనిలేదనియు వాదింతురు. ఈ వాదము నిలువదు. ఫ్రాక్టూరునందు సకారమునకు రెండు రూపములు కలవు. అక్షరముయొక్క యాదిమధ్యములందు దీర్ఘసకారమును, పదాంతమునను సమాసపూర్వపదాంతమునను వర్తులసకారమును వ్రాయవలయును. ఇది యలంకారము కాదు, వ్యాకరణము. రోమనులిపిలో నేకరూపముగా వ్రాయఁబడు పదమొకటి కలదు. దానిని ‘వాఖ్-ష్టూబె’ యని విఱిచినఁ గావలివారి గది. ‘వాక్స్-టూబె’ యని విఱిచిన మైనపుగొట్టము. ఫ్రాక్టూరునందు దీర్ఘసకార మున్న మొదటి యర్థము, వర్తులసకార మున్న రెండవ యర్థము. వేదపదపాఠమున నవగ్రహము చేయు పనిని ఇచట నొక్క యక్షరాకృతియే చేయుచున్నది. తెలుఁగున ఏడు సంఖ్య, ఏఁడు సంవత్సరము; ఆ భేదమును జూపునది యర్ధబిందు వొక్కటియే కదా!

ఇఁక పలకలను జూతము. అతిథిగృహవాచకమగు ‘గాస్ట్‌హౌస్’ పదమున మొదటిది దీర్ఘము, తుదిది వర్తులము కావలసియుండఁగాఁ బెక్కుచోట్ల రెండును వర్తులములే. దీర్ఘసకారమును జనులు ఫకారముగాఁ జదువుదురను భయ మిందులకు హేతువు. భయము నిరాధారము కాదు. ఆ రెండక్షరములకును సామ్యము మిక్కుటము. కాని చదువరులకుఁ దెలియదని వ్యాకరణమును దీసివేసి, ప్రాచీనతకొఱకు లిపిని మాత్రము నిలుపుట శవాలంకరణము. అంతకంటె రోమనులిపియే మేలు.

పేరంతయుఁ బెద్దయక్షరములతోఁ గూర్చుట మఱియొక దోషము. రోమను పెద్దయక్షరములు శిలాశాసనములందుఁ బక్కపక్కల నిలుచుటకై పుట్టినవి. ఫ్రాక్టూరువి పదశిరస్సున నొంటిగా నిలుచుటకై మెలికలు తిరిగినవి. వానిని వరుసగాఁ గూర్చినచో స్వదేశీయులకును దుష్పఠములు.

‘ఫ్రాంక్‌ఫుర్టర్ ఆల్గెమైనె’ పత్రిక 2007 వఱకు వ్యాఖ్యల శీర్షికలను గూడ నీ లిపితో నచ్చువేసి, పిదప దానిని తన పేరునకు మాత్రమే మిగిల్చినది. ఆ పేరునఁ బదాదియందే పెద్దయక్షరము, తక్కినవి చిన్నవి, ప్రయోగము సాధువు. సకార మొక్కటియు లేని పేరగుటచేఁ గఠినమైన పరీక్ష మాత్రము దానికిఁ దటస్థింపలేదు.