ఊరుమ్మడి చెఱువు, పౌరుల ఒడంబడిక

పోరంబోకు అను మాటకు మన వాడుకలో రెండర్థములు కలవు. రెవిన్యూ లెక్కలలో అది శిస్తు లేని నేల. చెఱువు, వాగు, బాట, శ్మశానము అందులోనివే. నోటి మాటలో అది పనికిమాలినవానిని తిట్టు తిట్టు. భాషాశాస్త్రజ్ఞులు చెప్పెడి అర్థాపకర్షమున కింతకంటె మంచి యుదాహరణము నేను తరగతిలో చూపజాలను. శిస్తు రానిదానికి విలువ లేదని తలచిన పాలనా చరిత్ర యంతయు ఆ యొక్క మాటలో నున్నది. తమిళమునను దీని గతి యింతే. టి.ఎం. కృష్ణగారు 2017 లో ఎన్నూరు నీటి పాయను గూర్చి పాడిన తమిళ గీతము ఈ మాటకు పోయిన మర్యాదను తిరిగి యడిగినది.

బెంగళూరున తరతరములుగా నివసించు తెలుగువారికి ఆ చరిత్ర కన్నుల యెదుటిది. ధర్మాంబుధి చెఱువు బస్సు నిలయమైనది. సంపంగి చెఱువు కంఠీరవ క్రీడారంగమైనది. కరగ యుత్సవము కొఱకు చిన్న కొలను మాత్రము మిగిలినది. 2002 లో చెఱువుల యభివృద్ధికై యేర్పడిన ప్రాధికార సంస్థ పిమ్మట కొన్నిటిని వర్తకులకు గుత్త కిచ్చినది. ప్రజల వ్యాజ్యముపై కర్ణాటక ఉన్నత న్యాయస్థానము 2012 లో ఆ పద్ధతి కడ్డుకట్ట వేసినది. ఇంచుమించు ఆ కాలముననే సర్జాపుర మార్గమునందలి కైకొండ్రహళ్ళి చెఱువును చుట్టుపట్ల నివాసులు, అప్పటి మహానగరపాలికతో చేయి కలిపి, మరల నీటితో నింపించిరి.

నగరసభయు పౌరులును కలిసి ఉమ్మడి సొత్తును కాపాడవలె నను వాదమునకు నేడు పెక్కుమంది చూపు ప్రమాణ గ్రంథము ఇటలీలోని బొలోన్యా నగరసభ 2014 లో ఆమోదించిన నిబంధనావళి. ఇటలీ రాజ్యాంగపు 118 వ అధికరణమునకు 2001 లో చేసిన సవరణ దీనికి మూలము. తోటయైనను, వీధియైనను, పాడుపడిన భవనమైనను, దానిని బాగుచేయ దలచిన పౌరులు నగరసభతో ఒడంబడిక వ్రాసికొందురు. నగరసభ పనిముట్లు, సామగ్రి యిచ్చును. కొన్ని పన్నులు తగ్గింపవచ్చును. కూలి మాత్రము చెల్లింపదు. గోడకు సున్నము వేయుటకై ఆఱు కార్యాలయములు తిరిగినవారికి ఇది యెంత యూరటయో వేఱుగ చెప్ప నక్కఱలేదు. పౌరుని అర్జీదారుగా గాక సహచరునిగా నెంచిన ఆ సంస్కారమును నేను మనసార మెచ్చుకొందును.

అయినను భాషోపాధ్యాయుని దుర్గుణము చొప్పున నేను నిర్వచనముల కడనే ఆగిపోతిని. ఏది యుమ్మడి సొత్తు? పౌరులును పాలకులును, ఇరువురును, అట్లని గుర్తించినది. అనగా పాలకులు తలయూపనిచో నది యుమ్మడి కాదు. ఎవరు చురుకైన పౌరుడు? దాని సంరక్షణకు పూనుకొన్నవాడు. వ్యక్తియైనను, సంఘమైనను, వ్యాపార సంస్థయైనను సరే. ఈ రెండవ నిర్వచనమే నాకు మింగుడుపడలేదు.

ఎలినార్ ఆస్ట్రమ్ 1990 లో వెలువరించిన గ్రంథమున ఉమ్మడి వనరులను శాసించు నియమములను పరిశీలించినది. అందు ప్రధాన పాత్ర సేవకుడు కాడు, వాడుకొనువాడు. నియమము ఎవరికి తగులునో వారికి దానిని మార్చుటలో పాలుండవలె నని ఆమె సిద్ధాంతము. ఆ విదుషికి 2009 లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. హరిణి నాగేంద్రగారితో కలిసి మన బెంగళూరు చెఱువులపై వ్రాసిన పత్రము, ఆమె గతించిన రెండేండ్లకు, సరిగా బొలోన్యా నిబంధనావళి పుట్టిన 2014 లోనే అచ్చయినది. ఆ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదివిన భేదము తేటపడును. చెఱువులో చేపలు పట్టువాడు, ఒడ్డున బట్టలుతుకువాడు, గట్టున పసరిక కోయునామె ఏ సంరక్షణకును పూనుకొన్నామని చెప్పరు. వారు చెఱువును వాడుకొందురు, అంతే. ఒడంబడికపై వ్రేలుముద్ర వేయుటకు వారిని పిలుచువా రెవరు? సాయంకాలము నడకకు వచ్చు విద్యావంతునకు తీరిక యున్నది, ఆంగ్లమున అర్జీ వ్రాయు నేర్పున్నది. చట్టము దృష్టిలో నతడే పౌరుడు.

వారి శ్రమను చులకన చేయుట నా యుద్దేశము కాదు. వారు లేకున్న మఱికొన్ని చెఱువులు భవనములై యుండెడివి. కాని శుభ్రపఱచిన చెఱువునకు మొదట కంచె వచ్చును, పిదప తలుపు వచ్చును, ఆపై వేళలు వ్రాసిన బల్ల వచ్చును. ఆ వేళలను నిర్ణయించిన సభలో గడ్డి కోయువా రుండిరా యని యడుగవలసి యున్నది.

మొన్నటి యేడు మా యెనిమిదవ తరగతిలో "మన చెఱువు ఎవరిది?" అని వ్యాసము వ్రాయించితిని. పెక్కుమంది ప్రభుత్వమునది యనిరి. ఒకడు అపార్టుమెంటువారిదని వ్రాసెను. తప్పు పెట్టుటకు నా చేయి రాలేదు. ఒక బాలిక మాత్రము తన అవ్వ రెండావులకు ఆ గట్టుననే గడ్డి కోయుననియు, తలుపు తీయకముందే కావలివాడు లోనికి విడుచుననియు వ్రాసినది. ఆ కావలివాడు మాఱినచో నేమి చేయుదురని యడిగితిని. "క్రొత్తవానికి కూడ పాలు పోయుదుము" అన్నది.