పండగ మర్నాటి పొయ్యి

కడప జిల్లాలో పాపాఘ్ని నది పెన్నలో కలిసే కమలాపురం ప్రాంతంలోనూ, అక్కడి నుంచి కర్నూలు వైపు పరుచుకున్న మెట్ట పల్లెల్లోనూ పండగ వంట ఒక్క రోజుతో ముగిసే పని కాదు. మొదటి రోజు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడే మర్నాడు ఏది ఏ రూపంలో తినాలన్నది ఇల్లాలి మనసులో నిర్ణయమై ఉంటుంది. పారబోయడానికి మనసొప్పక ఏదో ఒకటి చేసుకోవడంగా మాత్రమే ఈ అలవాటును లెక్కించేవారు అందులోని నేర్పును చూడలేరు. మిగిలేదెంతో ముందే అంచనా కట్టి, అది చెడకముందే పులుపుకో, ఉప్పుకో, ఎండకో, మళ్ళీ నిప్పుకో అప్పగించి, నిన్నటి వంటకానికి లేని రుచిని రాబట్టడం ఇందులోని అసలు విద్య.

ఈ విద్యకు ఒక కట్టుబాటు ఉంది. తినేవారి చేయి తగిలినది ఎంగిలి, దాన్ని మరొకరికి పెట్టకూడదు. చేయి తగలకుండా గిన్నెలోనో కుండలోనో మిగిలి రాత్రి గడిచినది సద్ది, అది అందరూ తినదగినది. వడ్డించే గరిటె వేరుగా ఉండాలన్న నియమం, విస్తరిలో కొసరి కొసరి వడ్డించే పద్ధతి ఈ తేడాను కాపాడేవే. కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను ఘోరంగా దెబ్బతీసిన 1876-78 నాటి ధాత కరువు వంటి కాలాలను చూసిన నేల గనుక గింజ విలువ ఇక్కడ ఎవరికీ బోధించవలసిన విషయం కాలేదు. పైగా జొన్న, కొర్ర, రాగి రోజువారీ తిండిగా ఉన్న మెట్ట పల్లెల్లో వరి అన్నం చాలాకాలం పండగ కూడే. 1983లో రాష్ట్ర ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం తెచ్చాక అది పేద ఇళ్ళలోకి నిత్యం చేరడం మొదలైంది. అంతకు ముందు పండగ నాడు మిగిలిన అన్నమంటే మరో పూట పండగ కొనసాగడమే.

మర్నాటి వంటల్లో అగ్రస్థానం ఓళిగల చారుది. కోస్తాలో బొబ్బట్లనే వాటిని ఇక్కడ ఓళిగలంటారు. ఉగాదికి ఓళిగలు చేసేటప్పుడు శనగబేడలను, కొన్ని ఇళ్ళలో కందిబేడలను, పుష్కలంగా నీళ్ళు పోసి, వేళ్ళ మధ్య నలిగేంత మెత్తగా, అయినా గింజ ఆకారం చెదరనంత వరకు ఉడికించి, ఆ నీళ్ళను వేరే గిన్నెలోకి వార్చుకుంటారు. బేడలలోని సారం దిగి చిక్కబడిన ఈ నీటినే కట్టు అంటారు. బేడలు బెల్లంతో కలిసి పూర్ణమై ఓళిగల్లోకి పోతాయి. కట్టులో చింతపండు రసం పోసి, వేయించిన ధనియాలు, జీలకర్ర, మిరియాలు, ఎండుమిరపకాయలు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి కలిపి నూరిన ముద్ద వేసి, మిగిలిన పూర్ణంలోంచి నిమ్మకాయంత తీసి అందులో కరిగించి, పొంగు వచ్చే దాకా మరిగిస్తారు. ఆవాలు, కరివేపాకు, ఇంగువ వేసిన తిరగవాత, అంటే తాలింపు, చివరిది. బెల్లం తీపి చింతపండు పులుపును అదుపులో పెడుతుంది, మిరియాల ఘాటు ఆ తీపిని మొహం మొత్తనివ్వదు, పప్పు సారం ఈ మూడింటినీ పట్టి ఉంచుతుంది. అందుకే ఈ చారు చేసిన పూట కంటే మర్నాడు వేడిచేసినప్పుడే ఎక్కువ రుచిగా ఉంటుందన్న మాట పూర్తిగా నమ్మదగినది. అయితే కట్టును మరిగించకుండా మర్నాటి దాకా ఉంచడం మాత్రం కుదరదు. ఉగాది నాటికే కడప ఎండలు ముదిరి ఉంటాయి, మాంసకృత్తులున్న ఆ నీరు సాయంత్రానికే పులిసి వాసన వేస్తుంది. అందుచేత ఓళిగలు కాల్చే పొయ్యి పక్కనే చారు కూడా కాగాలి. కర్ణాటకలో ఒబ్బట్టు సారు, మహారాష్ట్రలో కటాచి ఆమ్టి ఇదే సూత్రం మీద నడుస్తాయి గనుక, పూర్ణం పోళీ తినే దక్కను అంతటికీ ఉమ్మడి ఆస్తిగా దీన్ని భావించవచ్చు. మిగిలిన ఓళిగల సంగతి తేలిక: పెనం మీద నూనె లేకుండా సన్నని సెగన మళ్ళీ కాలిస్తే అంచులు కరకరలాడతాయి, లేదా వేడి పాలలో నానేస్తే పిల్లలకూ ముసలివారికీ పరమాన్నంతో సమానం.

అన్నం విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. వండినా చావని కొన్ని సూక్ష్మజీవుల బీజాలు గోరువెచ్చగా వదిలేసిన అన్నంలో మొలకెత్తి కడుపుకు హాని చేస్తాయి; రాత్రే అన్నం మునిగేలా నీళ్ళు పోసి కాస్త మజ్జిగ కలిపే పద్ధతిలో అన్నం త్వరగా చల్లారుతుంది, మజ్జిగలోని పులిసే జీవులు పెరిగి ఆమ్లాన్ని పుట్టిస్తాయి, ఆ ఆమ్లం చెడు చేసే జీవులను ఎదగనివ్వదు. తెల్లవారి ఉప్పు వేసి, ఎర్రగడ్డ, అంటే ఉల్లిపాయ, కొరుక్కుంటూ తినే సద్దన్నం వెనుక ఉన్న శాస్త్రం ఇది. మిగిలిన రాగి సంగటి ముద్దను కూడా ఇలాగే నీళ్ళలో ఉంచి, ఉదయం మజ్జిగతో పిసికి, చెనిక్కాయల ఊరుబిండి, అంటే వేరుశనగ పచ్చడి, నంజుకుని తింటారు. నీళ్ళు పోయకుండా ఆరబెట్టి చల్లగా ఉంచిన అన్నం దారి వేరు: చల్లారిన అన్నంలో పిండిపదార్థం బిగుసుకుని మెతుకు మెతుకుకు అంటదు గనుక, చెనిక్కాయ గింజలతో తిరగవాత పెట్టి నిమ్మకాయ పిండే చిత్రాన్నానికి వేడి అన్నం కంటే అదే మేలైనది. అలసంద వడలు మిగిలితే నాటుకోడి పులుసులోనో మజ్జిగ పులుసులోనో వేస్తారు. గట్టిపడిన వడే పులుసును బాగా పీల్చి చెదరకుండా నిలుస్తుంది.

ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరాలయానికి ముస్లింలు కూడా వచ్చి దర్శనం చేసుకునే జిల్లా ఇది. ఇక్కడి మర్నాటి వంటను ముస్లిం ఇళ్ళను విడిచి చెప్పడం సాధ్యం కాదు. బక్రీదు నాడు ఖుర్బానీ మాంసాన్ని బంధువులకు, పేదలకు పంచాక ఇంటికి దక్కిన భాగం ఒక్క పూటకు మించి ఉన్నప్పుడు దాన్ని పొడవాటి పట్టీలుగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, తాడు మీద ఎండకు ఆరవేస్తారు. ఉప్పు మాంసంలోని నీటిని బయటికి లాగుతుంది, పొడి గాలి ఆ నీటిని ఎగరగొడుతుంది, తేమ లేనిచోట కుళ్ళు పట్టదు. గాలిలో తేమ తక్కువైన సీమ ఎండ దీనికి ఎంతో అనువైనది. ఇలా తయారైన ఉప్పుకండలను జాతర్లలో వేటలు కోసే హిందూ ఇళ్ళలోనూ చేసుకుంటారు. వండేముందు వేడినీళ్ళలో నానబెట్టి అదనపు ఉప్పును వదిలించి, దంచి నూనెలో వేయించినా, గోంగూరతో ఉడికించినా, పచ్చి మాంసానికి లేని గాఢమైన రుచి వస్తుంది. ఎముకలు శనగబేడలు, సొరకాయలతో కలిసి దాల్చా అవుతాయి. ఉరుసులకూ జాతర్లకూ కొన్న బొరుగులు మెత్తబడితే వాటిని నీళ్ళలో తడిపి పిండి ఉగ్గాని చేస్తారు, ఎలాగూ తడపవలసినవే గనుక మెత్తదనం దోషం కాదు.

ఈ సంప్రదాయాన్ని మెచ్చుకునేవారు దాని బరువెవరు మోశారో కూడా చెప్పాలి. మోతుబరి ఇళ్ళలో పండగ నాటి వేడి వంట యజమానులకు, మర్నాటి సద్ది జీతగాళ్ళకు అన్న విభజన చాలా పల్లెల్లో ఉండేది. ఇంటి లోపల కూడా సద్ది ముందుగా ఆడవాళ్ళ కంచంలోకే చేరేది. అందరూ ఒకే పంక్తిలో కూర్చుని తిన్నప్పుడు మాత్రమే ఈ వంటలకు న్యాయం జరిగినట్టు.

ఫ్రిజ్ వచ్చాక మిగిలినది మిగిలినట్టే ఉంటోంది, దాన్ని మార్చే తొందర తగ్గింది. ప్రెషర్ కుక్కర్ మరో మార్పు తెచ్చింది: కొలిచి పోసిన నీళ్ళలో బేడలు మెత్తగా ఉడికి నీళ్ళన్నీ పీల్చుకుంటాయి గనుక వార్చడానికి కట్టు మిగలదు. కట్టు లేనిచోట కొందరు రెండు చెంచాల పూర్ణాన్ని పల్చని కందిపప్పు నీళ్ళలో కలిపి చారు కాస్తున్నారు. చిక్కదనం కొంత వస్తుంది, శనగబేడల కమ్మదనం రాదు. కుక్కర్‌ను మూత లేకుండా గిన్నెలా వాడి, బేడలకు నాలుగింతల నీళ్ళు పోసి, మధ్యలో రెండు మూడు సార్లు నురగ తీస్తూ ఉడికిస్తే పాత కట్టే దొరుకుతుంది, దానికి అదనంగా పట్టేది అరగంట సమయమే.