కంఠమూ పాత్రా: ‘లాహిరి లాహిరి’ యుగళగీతం – ఒక తులనాత్మక పరిశీలన

1956లో ఎల్లా ఫిట్జెరాల్డ్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ‘ఎల్లా అండ్ లూయీ’ అనే జాజ్ సంపుటిని వెలువరించారు. మరుసటి ఏడాది ‘మాయాబజార్’ విడుదలైంది. ఈ రెండింటిలోని యుగళగానమూ నేటికీ శ్రోతలను నిలుపుకొంది. అయితే ఆ నిలకడకు కారణాలు వేరన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

ఆర్మ్‌స్ట్రాంగ్‌ది బొంగురు గొంతు, ఎల్లాది తేట గొంతు. ఆస్కార్ పీటర్సన్ బృందం వాద్యసహకారాన్ని పలుచగా ఉంచడంతో ఈ వైరుధ్యమే ముందుకు వస్తుంది. శ్రోత ఆ పాటల్లో వినేది ఇద్దరు నిర్దిష్ట వ్యక్తులను. వారి స్థానంలో మరొకరిని ఊహించడం కష్టం.

పింగళి నాగేంద్రరావు రచించిన ‘లాహిరి లాహిరి’కి బాణీ సాలూరు రాజేశ్వరరావుది, దానికి వాద్యసమ్మేళనం కూర్చి రికార్డు చేసినవారు ఘంటసాల. మోహన రాగంలో మధ్యమ నిషాదాలు లేవు. అందువల్ల అర్ధస్వరాల ఒరిపిడి లేని సాఫీతనం ఈ గీతానికి అబ్బింది. కె.వి. రెడ్డి చిత్రీకరణలో పడవపై మొదట అభిమన్యు శశిరేఖలు, తరువాత కృష్ణ రుక్మిణులు కనిపిస్తారు. జంట మారినా ఘంటసాల, పి. లీల కంఠాలు మారవు. మేనమామకూ మేనల్లుడికీ ఒకే గొంతు ఉండటం వాస్తవిక దృష్టికి లోపమే. ప్రేక్షకుడికి మాత్రం అది లోపంగా తోచదు. ఇక్కడ కంఠం ఏ ఒక్క పాత్రకూ సొంతం కాక, వెన్నెల రాత్రి అనుభూతికంతటికీ చెందింది. అందుకే పడవలో మరో జంటకు చోటు మిగిలింది.

ఆ చోటును నేడు శ్రోతలు తీసుకుంటున్నారు. 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ చుట్టూ విస్తరించిన హైటెక్ సిటీలో, కార్యాలయ వేడుకలో ఒక జంట కరోకేపై ఈ పాట అందుకుంటే, అది ఘంటసాల–లీలలను అనుకరించనక్కరలేదు. తన గొంతుతోనే ఆ పడవ ఎక్కగలదు. ఆర్మ్‌స్ట్రాంగ్ పాడినదాన్ని ఎత్తుకున్న ఔత్సాహికుడికి అనుకరణ ఉచ్చును తప్పించుకోవడం అంత సులభం కాదు.

అయితే ఈ వెసులుబాటుకు ఒక మూల్యం ఉంది. జాజ్ శ్రోత గాయనిని పేరుతో తలుచుకుంటాడు. మన సంభాషణల్లో ఇది తరచు ‘సావిత్రి పాట’ అవుతుంది. 2010లో ఈ చిత్రానికి రంగులద్దినప్పుడు దృశ్యం కొత్త రూపు దాల్చింది. అయినా పాటను పాటగా నిలిపినవి పాత కంఠాలే. చలనచిత్ర గీతాన్ని సాహిత్యంగా బోధించే తరగతి గదుల్లో కవి పేరుతోపాటు లీల గానాన్నీ విశ్లేషణాంశంగా స్వీకరించాలి. అందరికీ చోటిచ్చిన గొంతుకు విమర్శలో చోటు లేకపోవడం న్యాయం కాదు.