పొద్దున ఆరింటికి ఏమేమి వేస్తారు?

పోయిన డిసెంబరులో అమ్మ కోసం గీజరు పెట్టించాం. బిగించినాయన మహా చురుకు. బాత్రూమ్ గోడకి అవతలే వంటిల్లు కనక అక్కడి పవర్ ప్లగ్గు నుంచే లైను లాగేసి, అరగంటలో పని ముగించి, టీ తాగి వెళ్ళిపోయాడు.

మర్నాడు మొదలైంది. అమ్మ స్నానానికి గీజరు, గ్యాసు అయిపోయిందని ఇండక్షన్ పొయ్యి, నా చొక్కాకి ఇస్త్రీ పెట్టె, చట్నీకి మిక్సీ. టక్! ఎమ్‌సీబీ పడిపోయింది. ఒకరోజు ఐదు నిమిషాలకి పడేది, ఇంకోరోజు పావుగంటకి. మిక్సీ పాడైందని మా ఆవిడ, ఇస్త్రీ పెట్టె షార్టని నేను. చివరికి ఇంకో ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం.

ఇతను సంచీ విప్పకుండానే అడిగాడు: "పొద్దున ఆరింటికి ఏమేమి వేస్తారు సార్?" బోర్డు చూడమంటే దినచర్య అడుగుతాడేమిటని విసుక్కుంటూనే చెప్పాను. బిల్లు వెనకాల లెక్క వేశాడు. గీజరు 2000 వాట్లు, అంటే 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంప్స్. పొయ్యికీ అంతే. ఇస్త్రీ పెట్టె 4.3, మిక్సీ 3.3. మొత్తం 25. అన్నీ ఒకే లైను మీద, దానికి ఉన్నది 16 ఆంప్స్ ఎమ్‌సీబీ. ఇంత కొద్ది ఎక్కువకి అది తక్షణం పడదట. లోపలి లోహపు పట్టీ వేడెక్కి, వంగి, అప్పుడు పడుతుంది. అందుకే రోజుకో టైము.

"అయితే 32ది వేసెయ్ బాబూ" అన్నాను, తెలివిగా. జవాబు చెప్పకుండా వంటింటి సాకెట్ విప్పి చేతిలో పెట్టాడు. తెల్లటి ప్లాస్టిక్ ఒక మూల బెల్లం రంగుకి తిరిగింది. స్క్రూ దగ్గర వైరు తొడుగు పెళుసెక్కి, గోరు తగిలితే రాలుతోంది. "ఎమ్‌సీబీ గీజరు కోసం కాదు సార్, గోడలో ఉన్న వైరు కోసం" అన్నాడు. కరెంటు రెట్టింపైతే వైరులో వేడి నాలుగింతలవుతుంది. మా నాన్న ఫ్యూజు ఊరికే కొట్టేస్తోందని రెండు పోగులు మెలిపెట్టి చుట్టేవారు. మేమంతా ఆయన్ని పెద్ద మెకానిక్ అనుకునేవాళ్ళం.

గీజరుకి బోర్డు నుంచి విడిగా లైను లాగాడు. వాళ్ళ భాషలో సెవెన్ బై ట్వంటీ: ఏడు పోగులు, ఒక్కోటి 20 గేజి. దానికి సొంత 20 ఆంప్స్ ఎమ్‌సీబీ. నీళ్ళతో పని కనక 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే ఆర్‌సీసీబీ కూడా. పోతూ పోతూ బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు 2 కిలోవాట్లని ఉన్న చోట వేలు పెట్టాడు. రెండు ఫ్యాన్లూ నాలుగు లైట్లూ ఉన్న కాలంలో తీసుకున్న లోడు అది. అర్జీ పెట్టి పెంచుకున్నాం.

ఇంత చేసినా మెయిన్ ఒకటే కదా, మోటారు వేస్తే మళ్ళీ బరువే. ఇక్కడే నాకు చిన్నప్పటి రాగి బాయిలర్ గుర్తొచ్చింది. మధ్య గొట్టంలో బొగ్గులు, పైన చన్నీళ్ళు పోస్తే పక్క నుంచి వేన్నీళ్ళు. నాయనమ్మ తెల్లవారుజామునే అంటించేది. వంట మొదలయ్యేసరికి స్నానాలు అయిపోయేవి. ట్యాంకు గీజరు చేసేదీ అదే. 15 లీటర్ల నీళ్ళు 20 డిగ్రీల నుంచి 60కి కాగడానికి ముప్పావు యూనిట్‌కి కాస్త తక్కువే పడుతుంది, 2 కిలోవాట్లకి ఇరవై నిమిషాల పని. ఆ తర్వాత థర్మోస్టాట్ కట్ చేస్తుంది, నీళ్ళు వేడిగానే ఉంటాయి. ట్యాంకు లేని 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్‌కి ఈ వెసులుబాటు లేదు. కుళాయి తిప్పినంతసేపూ అది 13 ఆంప్స్ లాగుతూనే ఉంటుంది. షాపువాడు అదే అంటగట్టబోయాడు, దేవుడి దయ.

ఇప్పుడు మోటారు పదకొండింటికి. ఇస్త్రీ రాత్రికి మారింది, అది నా శిక్ష. గీజరు అయిదున్నరకి అమ్మ వేస్తుంది. ఎర్ర లైటు ఆరగానే స్విచ్ తీసేసి, బకెట్ పట్టుకెళ్తూ వంటింట్లోకి కేకేస్తుంది: "నా పనైంది, మీ పొయ్యి పెట్టుకోండర్రా!"