అక్కకొక దేశం, తమ్ముడికొక దేశం

ఉగాదికొకసారి వినాల్సిన పంచాంగాన్ని నెలనెలా వినే జనం కొందరున్నారు. అమెరికా విదేశాంగ శాఖ నెలకొక వీసా బులెటిన్ విడుదల చేస్తుంది. అందులో ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులకు ఈబీ-2, ఈబీ-3 అని వరుసలు, వాటికెదురుగా ఇండియా అనే గడి, ఆ గడిలో ఒక తేదీ. ఆదాయవ్యయాలూ రాజపూజ్య అవమానాలూ అన్నీ ఆ ఒక్క తేదీలోనే ఒదిగి ఉంటాయి. డాలస్ పక్కన ఫ్రిస్కోలో, న్యూజెర్సీ ఎడిసన్‌లో, అట్లాంటా ఆవల కమ్మింగ్‌లో పొయ్యి మీద పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా ఆ గడినే చూసే కళ్ళు వేలున్నాయి. తేదీ నాలుగు వారాలు ముందుకు జరిగితే ఆ రాత్రి ఆ ఇంట పాయసం. జరక్కపోతే ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ఒక్కోసారి వెనక్కి నడుస్తుంది. శని వక్రించినట్టు, కుజుడు వక్రించినట్టు కాలమే వక్రించి, నిన్న ఈదిన ఏటిని మళ్ళీ ఈదమంటుంది.

ఓ కాలమా! నిన్ను మేం మావిచిగురుగా ఎరుగుదుం, తొలకరి మట్టివాసనగా ఎరుగుదుం, అట్లతద్ది వెన్నెలగా, భోగి మంటగా, ధనుర్మాసపు మంచుగా ఎరుగుదుం. గడిలో ముడుచుకు కూర్చునే అంకెవి కూడా నువ్వేనని ఈ గడ్డ మీద అడుగుపెట్టాకే తెలిసింది. 1990లో ఇక్కడి వాళ్ళు ఒక చట్టం చేసుకున్నారు. ఉద్యోగాల మీద వచ్చేవారికి ఏటా సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు, అవీ భార్యాపిల్లల్ని కలుపుకొని. ఏ దేశానికైనా మామూలుగా అందులో 7 శాతమే. ఐస్‌లాండ్‌కీ అంతే, ఇండియాకీ అంతే. కడలికీ కమండలానికీ ఒకటే మూత! అందుకే 2025లో కూడా ఈబీ-2 భారతీయుల తేదీ 2013 దగ్గరే తచ్చాడింది. పన్నెండేళ్ళ కిందట కాగితం పెట్టినవాడి పేరు అప్పుడు పిలుస్తున్నారన్న మాట. ఆ పన్నెండేళ్ళలో నల్లటి జుట్టు నెరిసింది, నవ్వుతూ సాగనంపిన నాన్నలు గోడల మీద పటాలయ్యారు.

ఎవరు పొమ్మన్నారు మిమ్మల్ని అంటారు కొందరు. ఎవరు పొమ్మనలేదో చెప్పండి! వై2కే రోజుల్లో అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ బోర్డు మీద బోర్డు వేలాడి, జావా నేర్పుతాం, ఒరాకిల్ నేర్పుతాం, రండి రండి అని పిలవలేదా? పెళ్ళిచూపుల్లో అమెరికా సంబంధం అనగానే వరసైన మేనబావ మొహం చిన్నబోలేదా? చిలుకూరు బాలాజీని వీసా దేవుణ్ణి చేసి, మొక్కుకుని 11 ప్రదక్షిణలు, మొక్కు తీరాక 108 తిరిగారు మా వాళ్ళు. సముద్రాల అవతల 109వ ప్రదక్షిణ ఒకటి మిగిలి ఉందనీ, అది ఎప్పటికీ పూర్తవదనీ ఆ గుళ్ళో ఎవరూ చెప్పలేదు.

మా వీధి చివర ఒక ఇల్లుంది. రాజమండ్రి వాళ్ళు. 2011లో మూడేళ్ళ పాపని చంకనేసుకుని వచ్చారు. 2013లో బాబు ఇక్కడే పుట్టాడు. పుట్టిన క్షణంలోనే పౌరుడు. మొదట్లో పనిచేసిన కంపెనీ గ్రీన్‌కార్డు కాగితాలు రేపు వేస్తాం, మాపు వేస్తామని ఏళ్ళు దొర్లించింది. చివరికి ఆయన చేతికొచ్చిన ప్రయారిటీ డేట్, అంటే వరుసలో చోటు తేల్చే తేదీ, 2016ది. ఇప్పుడా పాపకి పదిహేడు. ఇరవై ఒకటి నిండితే తల్లిదండ్రుల వీసా నీడలోంచి ఆ పిల్ల జారిపోతుంది. ఏజ్ అవుట్ అంటారు ఇక్కడ, బస్సు దిగిపోయినంత తేలిగ్గా. పిల్లల వయసు లెక్కలో కొంత సడలింపు ఇచ్చే 2002 నాటి చట్టం ఒకటుంది కానీ ఇంత పొడుగు వరుస ముందు అది ఏ మూలకు? ఆ పైన ఎఫ్-1 విద్యార్థి వీసా తెచ్చుకుని, మొన్ననే విమానం దిగినవాళ్ళ పక్కన కొత్తగా నిలబడాలి.

ఆ పిల్ల కిండర్‌గార్టెన్ నుంచి రోజూ పొద్దున్నే బడిలో నిలబడి, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని రెండు ప్రతిజ్ఞలు చేస్తోంది. టెక్సాస్ బడుల్లో అదీ పద్ధతి, ఒకటి అమెరికా జెండాకి, రెండోది టెక్సాస్ జెండాకి. జెండాలకి ఆ పిల్ల గొంతు కంఠతా వచ్చి ఉంటుంది. ఆ జెండాల దేశానికి మాత్రం ఆ పిల్ల పేరు తెలియదు.

ఇక్కడ పండుగలన్నీ శనివారాలకు వలసపోయాయి. తిథి ఏదైనా వినాయకుడు వారాంతం దాకా ఆగాల్సిందే. బతుకమ్మ ఏ బడి ఆవరణలోనో, కార్లు నిలిపే చోటనో ఆడుతుంది. తంగేడు లేదు, గునుగు లేదు, కొనుక్కొచ్చిన చేమంతుల నడుమ నిరుడు దాచిన ప్లాస్టిక్ పూలు. మార్చి నెలాఖరుకి రోడ్ల వెంట బ్లూబానెట్లు నీలినీలిగా నేలంతా పరుచుకుంటాయి. అందమే, కాదనను. కన్ను నిండుతుంది. ముక్కు మాత్రం మామిడిపూత కోసం, చెవి కోయిల కోసం ఉపవాసం ఉంటాయి.

ఆ ఇంటాయన తండ్రి 2021 వేసవిలో, కరోనా రెండో అల గోదావరి గట్లను కూడా ముంచెత్తిన రోజుల్లో పోయారు. ఈయన పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయి ఉంది. ఇక్కడ ఉండటానికి అనుమతి ఉంది, వెళితే మాత్రం కాన్సులేట్‌లో మళ్ళీ ముద్ర పడేదాకా తిరిగి రావడానికి లేదు. ఆ నెలల్లో అపాయింట్‌మెంట్ అనే మాటే లేదు. తలకొరివి పినతండ్రి కొడుకు పెట్టాడు. కన్నకొడుకు ఇక్కడ గరాజులో, సోనా మసూరి బస్తాల పక్కన, పిల్లలు లేస్తారని లైటు కూడా వేసుకోకుండా ఫోన్‌లో చూశాడు. అక్కడ పొగ లేచే వేళకి ఇక్కడ నెట్ ఆగిపోయింది. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. మళ్ళీ బొమ్మ కనబడేసరికి అందరూ స్నానాలకి రేవులో దిగుతున్నారు.

ఏడాదికోసారి ఆబ్దికం వాళ్ళ పెరట్లోనే. పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూస్తాడు. ఈ ఊళ్ళో కాకులు లేకపోలేదు, ఆ పెరటికే ఎందుకో రావు. నల్లగా నిగనిగలాడుతూ గ్రాకిల్ పిట్ట వచ్చి వాలుతుంది, సాయంత్రాలు దుకాణాల ముందు చెట్లనిండా చేరి గోల గోల చేసే పిట్ట. "ఈ పిట్టకి మా నాన్న తెలుసంటారా?" అని ఒకసారి నన్నడిగాడు. నలుపు నలుపే కదండీ అన్నాను. అంతకన్నా మంచి జవాబు ఇప్పటికీ తోచలేదు.

పద్నాలుగేళ్ళ కాపురం 60 రోజుల అంచు మీద నిలబడి ఉంటుంది. ఉద్యోగం పోయిందా, 60 రోజుల్లో ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా మరో వీసాలోకి మారాలి, లేదా దేశం వదలాలి. ఇంటి లోను, కారు, పిల్లల బడి, చలికాలం రాగానే లోపలికి మోసుకొచ్చే కరివేపాకు కుండీ, అన్నీ ఆ రెండు నెలల్లోనే తేలిపోవాలి. 2025 సెప్టెంబర్ 19 శుక్రవారం సాయంత్రమైతే అసలు రోజుల లెక్కే లేకపోయింది. ఎంగిలిపూల బతుకమ్మ ఇంకా రెండు రోజులుంది. హెచ్-1బీ ఉద్యోగ వీసా పిటిషన్‌కి లక్ష డాలర్లు కట్టాలని అధ్యక్షుడి ప్రకటన వచ్చింది. ఎవరెవరికి వర్తిస్తుందన్నది ఎవరికీ తెలియదు. ఇండియాకి సెలవు మీద వెళ్ళినవాళ్ళు కట్టుబట్టలతోనే విమానాశ్రయాలకు పరిగెత్తారు. ఇక్కడ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నవాళ్ళు బెల్టు విప్పి దిగిపోయారు. మర్నాటికి అది కొత్త పిటిషన్లకే అని వివరణ వచ్చింది. వివరణ వచ్చినంత మాత్రాన ఆ రాత్రి రాలేదని అనగలమా? చాలా ఇళ్ళల్లో 'వెళ్ళిపోదాం' అన్న మాట మొదటిసారి పిల్లల ముందు పైకి వినబడింది ఆ రాత్రే.

దానికి ఎనిమిదేళ్ళ ముందే ఒక దెబ్బ తగిలింది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతలో, పని ముగించుకుని స్నేహితుడితో కూర్చున్న కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒకడు మా దేశం వదిలి పొమ్మని అరిచి కాల్చి చంపాడు. అంత్యక్రియలకు హైదరాబాద్ వచ్చిన ఆయన భార్య సునయన దుమాల, భర్తతోపాటే తన నివాసార్హత కూడా చితికెక్కిందని తెలుసుకుంది. మాంగల్యమూ పోయి, ముంగిలీ పోయి! ఒక కాంగ్రెస్ సభ్యుడు పూనుకుంటే తప్ప ఆమె తిరిగి వెళ్ళలేకపోయింది. ఆ వార్త చదివిన రోజు ఇక్కడి ఎన్ని ఇళ్ళల్లో భార్యలు తమ వీసా కాగితం తీసి, అందులో తమ పేరు పక్కన ఎవరి పేరు ఉందో చూసుకున్నారో!

ఏసీ గదుల్లో ఏడ్చే ఏడుపు ఇది, అదీ తెలుసు. గల్ఫ్ నుంచి చెక్కపెట్టెలో దిగే జగిత్యాల కూలీ ముందు, పాస్‌పోర్టు యజమాని గుప్పిట్లో ఉండిపోయిన నిజామాబాద్ మనిషి ముందు ఈ దుఃఖం తల వంచుకుని నిలబడాలి. నిలబడుతుంది. అయినా దుఃఖమే.

వెళ్ళిపోదామని నిర్ణయించుకుంటే ముందుగా ఎదురయ్యేవి లెక్కలు. సోషల్ సెక్యూరిటీకి పదేళ్ళు కడితేనే, అంటే 40 క్రెడిట్లు నిండితేనే పింఛను మీద హక్కు. ఈ విషయంలో రెండు దేశాల మధ్య ఒప్పందం లేదు గనుక ఏడో ఏట వెళ్ళిపోయేవాడు కట్టిందంతా సముద్రంలో కలిపినట్టే. సరే, డబ్బు పోతే పోయింది. ఊరు అడిగే ప్రశ్నని తట్టుకోవడమే కష్టం. దండలు వేసి పంపిన ఊరు, వీధి వీధికీ స్వీట్లు పంచిన ఊరు, తిరిగొచ్చినవాణ్ణి చూడగానే గొంతు తగ్గించి "ఏమయ్యా, ఉద్యోగం గానీ పోయిందా?" అంటుంది. ఆ వెంటనే "పిల్లల భవిష్యత్తు పాడుచేస్తున్నావు కదయ్యా" అంటుంది. అమ్మ ఒడిలోకి వస్తే కారణం చూపించాలా? నాకు మటుకు ఈ దేశపు చట్టం మీదకన్నా ఆ ప్రశ్న మీదే ఎక్కువ మంట. చట్టం చేసినవాళ్ళు నా వాళ్ళు కారు.

ఇక తమ్ముడి సంగతి. ఇండియా వెళితే వాడు అక్కడ, విదేశీ పౌరులైన భారత సంతతికి ఇచ్చే ఓసీఐ కార్డు మీద బతకాలి. వీళ్ళ ఇంట ఆ కార్డు తీసుకున్నది 2022లో. 2021 మార్చి 4 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం అలాంటి పిల్లలు నీట్ రాసినా, జేఈఈ రాసినా ఎన్నారై సీట్ల వరుసలో నిలబడాల్సిందే, భారత పౌరుల సీట్ల మీద వాళ్ళకి హక్కు లేదు. ఓటు లేదు. తాత వదిలివెళ్ళిన పొలం చెక్క వారసత్వంగా రావచ్చు, దాని పక్కన ఇంకో అరెకరం కొనుక్కోవడానికి మాత్రం వీల్లేదు. అక్కకేమో అక్కడ సమస్తమూ ఉంది, ఓటుంది, సీటుంది, మట్టి మీద హక్కుంది. ఆ హక్కు పత్రం తెలుగులో ఉంటే చదవడమే రాదు.

ఒకే గర్భాన్ని పంచుకున్నవాళ్ళు, ఒకే సోఫాలో రిమోట్ కోసం రక్కుకునేవాళ్ళు. ఉండిపోతే అక్క పరదేశి, వెళ్ళిపోతే తమ్ముడు పరదేశి. శునశ్శేపుడి కథలో తండ్రి పెద్దకొడుకుని ఇవ్వనన్నాడు, తల్లి చిన్నకొడుకుని ఇవ్వనంది, నడిమివాణ్ణి వరుణుడికి బలిగా యూపస్తంభానికి కట్టారు. ఈ ఇంట్లో నడిమి బిడ్డ లేడు.

ఎవరినని శపించేది? వరుణుణ్ణా, వరుసనా? ఏడేడు సముద్రాలు దాటిన రెక్కలకి వాలడానికి కొమ్మ కరువైంది. గోదావరీ, నీ ఒడ్డున ఆడుకున్న కాళ్ళు ఇక్కడ మంచులో మొద్దుబారాయి. నీ నీళ్ళు ముట్టని ఆ పన్నెండేళ్ళ కాళ్ళు రేపు నీ రేవు మెట్ల మీద జారతాయి. తల్లీ, నువ్వు ఎవరి కాళ్ళకి అడ్డం పడతావు?

ఆ ఇంటాయన వాళ్ళమ్మ రాజమండ్రి దానవాయిపేట నుంచి ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తుంది, ఇక్కడ శనివారం రాత్రి. మొన్న నేను వాళ్ళింట్లో ఉండగానే వచ్చింది ఫోన్. ఆవిడ గొంతు పెద్దది, స్పీకర్ అక్కర్లేదు.

"ఒరే అబ్బాయ్, వస్తున్నారో లేదో అదొక్కటీ తేల్చి చెప్పు నాన్నా. పై వాటాలో వాళ్ళ పిల్లాడు పదో తరగతిలోకి వచ్చాడు, పరీక్షలయ్యేదాకా వాళ్ళని లేవమనడానికి నాకు నోరు రాదు. ఆ తరవాతైనా నెల ముందు చెప్పాలి కదా, వాళ్ళూ ఇల్లు వెతుక్కోవద్దూ? ఈ లోపు మీరొచ్చేస్తే కింద హాల్లోనే సర్దుకోవాలి. పిల్లలిద్దరూ హాల్లో పడుకుంటారంటావా?"