ఆఫ్రికా దారిద్ర్యమునకు చారిత్రక కారణములు: సండూరు నుండి ఒక పరిశీలనము

ఆఫ్రికా ఖండపు దారిద్ర్యమునకు కారణమేమని అడిగినచో సామాన్యముగా రెండు సమాధానములు వినవచ్చుచుండును. భూమియు శీతోష్ణములును అనుకూలములు కావనునది మొదటిది. ప్రజలకు శ్రద్ధ లేదనునది రెండవది. ఈ రెండింటిని నిరాకరించి, చరిత్రయే కారణమని నిరూపింపబూనిన గ్రంథము వాల్టర్ రాడ్నీ రచించిన 'హౌ యూరప్ అండర్‌డెవలప్డ్ ఆఫ్రికా'. గయానా దేశీయుడైన రాడ్నీ టాంజానియాలోని దారెస్సలాములో అధ్యాపకుడుగా నున్న కాలమున, 1972లో, ఇది వెలువడెను. ఆయన వాదములో నిలుచునదెంత, పూరింపవలసినదెంత అని సండూరు కొండల నడుమ నిలిచి విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

వెనుకబాటు సహజస్థితి కాదు, కలిగింపబడిన స్థితి యనునది రాడ్నీ మూలవాక్యము. 16వ శతాబ్ది మొదలు 19వ శతాబ్ది వరకు అట్లాంటిక్ మీదుగా సుమారు కోటి ఇరువదియైదు లక్షలమంది ఆఫ్రికనులు ఓడల కెక్కింపబడిరి. ఆవలి తీరమునకు ప్రాణములతో చేరినవారు సుమారు కోటి ఏడు లక్షలు. పోయినవారిలో అధికులు పనిచేయు వయస్సువారు. మిగిలినవారి నడుమ మనుష్యులను పట్టి అమ్ముటకై కలహములు పెరిగెను. ఏ దేశములనుండి ఎక్కువమంది బానిసలుగా తరలింపబడిరో ఆ దేశములే నేడు ఎక్కువ పేదవిగా నున్నవని ఆర్థికశాస్త్రవేత్త నేథన్ నన్ 2008లో గణాంకములతో చూపెను. రాడ్నీ వాదమునకు ఇది గట్టి బలము.

తరువాతి ఘట్టము వలసపాలనము. 1884–85లో బెర్లినులో సమావేశమైన రాజ్యములు ఆఫ్రికా పంపకమునకు నియమములు ఏర్పరచుకొనెను. 1885 నుండి 1908 వరకు కాంగో బెల్జియము రాజు లియోపోల్డ్ సొంత ఆస్తివలె నుండెను. ఆనాటి రైలుమార్గములు పలుచోట్ల గనినుండి రేవునకు సాగినవేగాని ఊరినుండి ఊరికి సాగలేదు. హిరోషిమాపై పడిన బాంబుకు వాడిన యురేనియములో అధికభాగము కాంగోలోని షింకొలొబ్వే గనినుండి వచ్చినదే. ఖనిజము లోకచరిత్రను మార్చినది. దానిని త్రవ్వినవాని బ్రతుకును మాత్రము మార్చలేదు.

ఇక మన కొండలను చూతము. ఘోర్పడే వంశీయుల సంస్థానమైన సండూరు 1949లో మద్రాసు రాష్ట్రమున విలీనమై, 1953 అక్టోబరు 1న బళ్ళారితో కూడ మైసూరు రాష్ట్రమున చేరెను. మాంగనీసు త్రవ్వకము సంస్థానకాలముననే మొదలైనది. 2003 తరువాత చీనా దేశపు గిరాకీవలన ఇనుపఖనిజము ధర టన్నుకు వేల రూపాయలకు పెరుగగా, 2009 వరకు ప్రభుత్వమునకు చెల్లు రాయల్టీ టన్నుకు 27 రూపాయలకు మించలేదు. లారీలు బెలెకేరి, కృష్ణపట్నము రేవులవైపు సాగెను. ఎఱ్ఱధూళి పొలములపై నిలిచెను. అక్రమములు మితిమీరగా సుప్రీంకోర్టు 2011 జూలై 29న బళ్ళారి జిల్లాలో త్రవ్వకమును ఆపివేసెను. మరుసటి సంవత్సరమే 98వ రాజ్యాంగ సవరణము ఈ జిల్లాను ప్రత్యేకసహాయము కావలసిన వెనుకబడిన ప్రాంతములలో చేర్చెను. ఇంత ఖనిజము పంపిన జిల్లాకు వెనుకబాటు పేరు దక్కుట విచారింపదగిన విషయము.

సండూరు కాంగో కాదు. ఇచట మనుష్యులను ఓడల కెక్కించి అమ్మలేదు. చట్టమును న్యాయస్థానమును కలవు. అయినను ఈ పోలిక రాడ్నీ వాదములోని ఒక లోటును చూపుచున్నది. దేశీయ పాలకుల భాగస్వామ్యమును ఆయన గుర్తించెను. కాని దానిని విదేశాధిపత్యపు నీడగానే ఎక్కువగా చూచెను. 2003 తరువాత సండూరు ఖనిజమును తరలించినవారు విదేశపాలకులు కారు, మనవారే. కాంగోలో 1965 నుండి 1997 వరకు పాలించిన మొబుటూ ఆ దేశీయుడే. పాలకుడు మారినను ఒప్పందము మారనిచో ఫలము మారదు.

దీనికి ప్రతిగా బోట్స్వానాను చూడదగును. 1966లో స్వాతంత్ర్యము పొందునాటికి అది మిక్కిలి పేదదేశములలో ఒకటి. 1967లో వజ్రములు దొరకగా, గనుల కంపెనీలో తన వాటాను ప్రభుత్వము క్రమముగా సగమునకు పెంచుకొని, ఆ ధనమును బడులకు, రోడ్లకు, వైద్యమునకు వినియోగించెను. అచట అసమానత నేటికిని కలదు; అయినను గతము శాసనమువంటిది కాదని ఆ దేశము నిరూపించినది.

కావున రాడ్నీ చెప్పిన చరిత్ర దారిద్ర్యమునకు మూలకారణమే. దానిని నేటివరకు నిలుపుచున్నది మాత్రము సంపదపై లెక్క అడుగు అధికారము ప్రజలకు లేకుండుట. 1953 నాడు బళ్ళారి ఎవరిదని మన పెద్దలు, కన్నడ సోదరులు పట్టుదలతో వాదించుకొనిరి. కొండల ఫలము ఎవరికని అంత పట్టుదలతో అడిగినవారు అరుదు. గనులనుండి వచ్చిన ధనము ఆ గనుల ప్రాంతముననే వ్యయము కావలెనని నేడు న్యాయస్థానపు ఉత్తర్వులును, 2015 నాటి ఖనిజచట్ట సవరణమును చెప్పుచున్నవి. ఆ ధనము ఏ ఊరికి, ఏ పనికి చేరినదని అడుగుటలో తెలుగు, కన్నడ భేదము ఉండనక్కరలేదు. ఆఫ్రికా చరిత్రనుండి సండూరు నేర్వవలసిన పాఠమిదియే.